అక్కడ సర్కారు బడి, ఇక్కడ ఇంటర్నేషనల్ స్కూలా?

2025 సెప్టెంబర్‌లో అమెరికా కొత్త హెచ్‌-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తుల మీద లక్ష డాలర్ల ఫీజు పెట్టిన దగ్గర్నుంచి తెలుగు ఇళ్లలో ‘వెనక్కి వచ్చేద్దామా’ అన్న మాట మళ్లీ వినబడుతోంది. గ్రీన్‌కార్డుల్లో దేశానికి 7 శాతం పరిమితి, దానివల్ల మనవాళ్లు పదేళ్లకు పైగా క్యూలో నిలబడటం, ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకొకటి వెతుక్కోవాలన్న టెన్షన్, ఇవన్నీ తెలిసిన సంగతులే. నన్నడిగితే రావాలనే చెబుతాను. అదీ గత్యంతరం లేక కాకుండా, చేతిలో ఉద్యోగం ఉండగా, పిల్లలు చిన్నగా ఉండగా రావాలి. ఇక్కడి నుంచి తీసుకెళ్లిన పిల్లలకు 21 ఏళ్లు నిండితే తల్లిదండ్రుల వీసా నీడ పోతుంది. అప్పటిదాకా ఆగితే మన బతుకు నిర్ణయాన్ని ఇమిగ్రేషన్ ఆఫీసు తీసుకున్నట్టే.

వద్దనేవాళ్లు చెప్పేవి అబద్ధాలేం కావు. ట్రాఫిక్, గాలి, రాత్రి పదింటికి మీటింగులు, పిల్లలకు తెలుగు చదవడం రాకపోవడం, అన్నీ నిజమే. వచ్చి ఇమడలేక మళ్లీ విమానం ఎక్కినవాళ్లూ ఉన్నారు. అయినా ఈ ఇబ్బందులన్నీ ఇక్కడున్నవాళ్లు రోజూ పడుతున్నవే. నాలుగు డబ్బులు వెనకేసుకుని వచ్చినవాళ్లకు అవి తక్కువగానే తగులుతాయి.

నా బాధ వేరే ఉంది. వచ్చినవాళ్లు హైదరాబాద్ శివార్లలో కోకాపేటలోనో తెల్లాపూర్‌లోనో గేటెడ్ కమ్యూనిటీలో దిగుతారు. నీళ్లు ట్యాంకర్‌లో, కరెంటు పోతే జనరేటర్, పిల్లలు ఏడాదికి లక్షల ఫీజున్న ఇంటర్నేషనల్ స్కూల్లో. ఆ పిల్లలు పన్నెండో తరగతి అవగానే మళ్లీ అమెరికాకే. దీన్ని తిరిగి రావడమంటామా?

ఒక్క విషయం మాత్రం ఎవరూ పైకి అనరు. అమెరికాలో మనవాళ్లలో ఎక్కువమంది పిల్లల్ని చదివించేది ప్రభుత్వ బడిలోనే. డాలర్లలో జీతం తీసుకునే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు మంచి స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే మంచి సర్కారు బడుల పరిధిలోని ప్రాంతం కోసం వెతికి వెతికి, అప్పు పెంచుకుని మరీ అక్కడ ఇల్లు కొంటాడు. ఆ ఇంటి పన్నులో పెద్ద భాగం ఆ బడికే పోతుంది. పిల్లలు పసుపు రంగు స్కూలు బస్సెక్కి వెళ్తారు, అమ్మానాన్నలు స్కూల్ బోర్డు మీటింగుల్లో ప్రశ్నలడుగుతారు. లైబ్రరీ, పార్కు, ఫుట్‌పాత్ అన్నీ ఉమ్మడివే. అంటే, సర్కారు బడి బాగుంటుందని కళ్లారా చూసిన తెలుగువాళ్లు లక్షల్లో ఉన్నారు. అదే మనిషి శంషాబాద్‌లో దిగాక సొంతూరి జిల్లా పరిషత్ హైస్కూలు వైపు చూడడు. చూసినా గది కట్టించి, శిలాఫలకం వేయించి వెళ్లిపోతాడు.

ఆ దానాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆంధ్రలో నాడు-నేడు, తెలంగాణలో మన ఊరు-మన బడి కింద చాలాచోట్ల గదులు వచ్చాయి, రంగులు పడ్డాయి. రానిది, మన పిల్లాడు అక్కడ చదువుతున్నాడు కాబట్టి లెక్కల టీచరు ఎందుకు లేడని గట్టిగా అడిగే నాన్న. అడగడానికి చట్టమే దారి ఇచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. గ్రాంటు ఎలా ఖర్చయిందో చూసే అధికారం వాళ్లది. ఇప్పుడా కుర్చీల్లో ఉన్నది ఎక్కువగా కూలి పోగొట్టుకుని వచ్చే అమ్మానాన్నలు. హెడ్‌మాస్టరు చూపించిన చోట సంతకం పెట్టడమే వాళ్లకు మిగులుతోంది. స్కూల్ బోర్డులో బడ్జెట్ పేజీలు తిప్పి అడిగిన అనుభవం ఉన్నవాళ్లు వాళ్ల పక్కన కూర్చోవాలి.

ప్రభుత్వమూ కొంత దిగిరావాలి. 2021 మార్చి 4 తర్వాత ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) పొందిన పిల్లలు ఇక్కడే పెరిగి నీట్ రాసినా ఎన్‌ఆర్‌ఐ సీట్లకే పోటీపడాలన్న నిబంధన ఉంది. బడి చదువంతా ఇక్కడే చదివినవాళ్లకు దాన్ని ఎత్తేయాలి. ఎత్తేస్తే, ఐదో తరగతి పిల్లాడితో వచ్చే కుటుంబానికి ఊరి బడిలో చేర్చకపోవడానికి ఒక సాకు తగ్గుతుంది.