డౌట్ అంటే ఔననా, కాదనా?

మన ఇంగ్లీషు మీద చురకలు వేసేవాళ్లు మొదట పట్టుకునేది ‘ఐ హావ్ ఎ డౌట్’ అనే మాటనే. ప్రశ్న అడగబోతూ అలా అంటే, చెప్పింది నమ్మడం లేదేమోనని ఎదుటివారు ఓ క్షణం తడబడతారు. ప్రశ్న వినగానే ఆ తికమక తీరిపోతుంది. దానికంత రాద్ధాంతం అక్కర్లేదు. అసలు ముప్పు డౌట్‌ను క్రియగా వాడినప్పుడు: అర్థం తిరగబడుతుంది, తిరగబడిందని ఎవరికీ తెలియదు.

‘ఐ డౌట్ ద పేమెంట్ ఫెయిల్డ్’ అని మెయిల్ పెట్టారనుకోండి. రాసినవారి ఉద్దేశం, ఫెయిలైనట్టుంది, ఒకసారి చూడమని. చదివినవారికి అందేది, ఫెయిలై ఉండదులే అని. వాక్యంలో వ్యాకరణ దోషం లేదు కాబట్టి తిరిగి అడగరు, చూడటం మానేస్తారు. అక్కడ పడాల్సిన మాట సస్పెక్ట్.

చిక్కంతా మన ‘అనుమానం’ దగ్గరే. తెలుగులో అది రెండు వైపులా మొగ్గుతుంది. ఎటు మొగ్గిందో చెప్పేది దాని ముందున్న ముక్క. ‘జ్వరం ఉందని అనుమానం’ అంటే ఉందనే వైపు, కాబట్టి సస్పెక్ట్. ‘వస్తాడా అని అనుమానం’ అంటే రాడనే వైపు, కాబట్టి డౌట్. ఇంగ్లీషులో ఆ భారమంతా క్రియే మోయాలి. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయ దర్శనంలో అనుమానమంటే పొగను చూసి నిప్పుందని తేల్చడం. ఆ లెక్కన దానికి దగ్గరి చుట్టం సస్పెక్టే. డౌట్‌కు సందేహం సరిపోతుంది.

పంపే ముందు డౌట్ ఉన్నచోట ‘అనుకోను’ పెట్టి చదవండి. మీ ఉద్దేశం చెడకపోతే ఉంచేయండి. ‘అనుకుంటున్నాను’ అన్నదే కుదిరితే సస్పెక్ట్‌గా మార్చండి. ఎటూ మొగ్గు లేకపోతే ‘ఐయామ్ నాట్ షూర్ వెదర్’ అనడం క్షేమం.

మనుషుల విషయంలోనూ తేడా ఉంది. ‘ఐ డౌట్ హిమ్’ అంటే అతని మీద నమ్మకం లేదు, అంతే. ‘ఐ సస్పెక్ట్ హిమ్’ అంటే తప్పు చేసింది అతనేనేమో అని. ఏ తప్పో చెప్పాలంటే దాని తర్వాత ‘ఆఫ్’ (of) చేర్చాలి. మన ‘మీద’ను మోసుకెళ్లి ‘డౌట్ ఆన్ హిమ్’ అనకూడదు.

16, 17 శతాబ్దాల ఇంగ్లీషులో డౌట్‌కు భయపడటం, అనుమానించడం అనే అర్థాలూ ఉండేవి. కాబట్టి మన వాడుక మరీ వింతేం కాదు. కానీ ఇంటి నుంచి ‘గుండెజబ్బని డాక్టర్లు డౌట్ పడుతున్నారు’ అని కబురొస్తే, సెలవు అడుగుతూ దాన్ని ‘డాక్టర్స్ డౌట్ ఇట్ ఈజ్ హార్ట్ డిసీజ్’ అని మార్చామంటే, వినేవారు హమ్మయ్య అనుకుంటారు.