చెప్పిన తేదీ, తీసేసిన తేదీ

మూడో నెల స్కాన్‌లో అంతా బాగుందని డాక్టర్ చెప్పిన మర్నాడే ఆమె మేనేజర్ గదిలోకి వెళ్లి తాను గర్భవతినని చెప్పింది. ఆయన నవ్వాడు. వెంటనే, "మరి సెలవు ఎప్పటి నుంచి?" అని అడిగాడు. శుభాకాంక్షలు ఆ తర్వాత వచ్చాయి. నాలుగు రోజులు గడిచాక, ప్రతి సోమవారం క్లయింట్‌తో ఉండే మీటింగ్ ఆమె క్యాలెండర్‌లో కనిపించలేదు. పొరపాటున పోయిందేమోనని టీమ్‌లో అడిగితే, "ఈ టైమ్‌లో నీకు ఒత్తిడి ఎందుకని తీసేశాం" అన్నారు. పద్నాలుగో రోజు హెచ్‌ఆర్ నుంచి పిలుపొచ్చింది. బల్ల మీద రెండు కాగితాలున్నాయి. పనితీరు సరిగా లేదు కాబట్టి ఉద్యోగం నుంచి తొలగిస్తున్నామనే లేఖ ఒకటి. ఆమె సంతకం కోసం ముందే టైప్ చేసి ఉంచిన రాజీనామా ఇంకొకటి. "రిజైన్ చేస్తే రికార్డు క్లీన్‌గా ఉంటుంది, రేపు ఇంకో చోట చేరడానికి ఇబ్బంది ఉండదు" అని నచ్చజెప్పారు. సంతకం పెట్టేసింది. సాయంత్రానికి లాప్‌టాప్, ఐడీ కార్డు అప్పగించి బయటికొచ్చింది.

ఆమె నా స్నేహితురాలు. అప్పటి మెయిళ్లు నాకు చూపించింది. విషయం చెప్పడానికి ఆరు వారాల ముందు అదే మేనేజర్ ఆమె పనిని మెచ్చుకుంటూ టీమ్ మొత్తానికి పెట్టిన మెయిల్ ఉంది. ఆ తర్వాత ఒక్క హెచ్చరిక లేదు, ఒక్క ఫిర్యాదు లేదు. ఏకంగా తొలగింపు లేఖే.

గర్భవతివి కాబట్టి తీసేస్తున్నాం అని ఈ రోజుల్లో ఏ సంస్థా కాగితం మీద పెట్టదు. పనితీరు అంటుంది, పునర్వ్యవస్థీకరణ అంటుంది, ప్రాజెక్టు అయిపోయింది అంటుంది, కాంట్రాక్టు రెన్యూ చేయడం లేదంటుంది. మనమూ ఆ మాట పట్టుకునే వాదిస్తాం. ఆమె పని నిజంగా బాగుందా లేదా, ఎన్ని రోజులు ఆలస్యంగా వచ్చింది, ఎన్ని సెలవులు పెట్టింది అని. ఆ రికార్డు మొత్తం యజమాని దగ్గరే ఉంటుంది. కారణం రాసేదీ ఆయనే, దానికి ఆధారాలు జోడించేదీ ఆయనే. ఆమె చేతిలో ఉండేవి రెండు తేదీలు. చెప్పిన తేదీ, తీసేసిన తేదీ. ఆ రెంటి మధ్య దూరం చూశాకే కారణం జోలికి వెళ్లాలని, చట్టం కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

పాత రోజుల్లో ఈ దాపరికం అవసరం ఉండేది కాదు, నిబంధనల్లోనే రాసి ఉండేది. అమెరికాలో క్లీవ్‌లాండ్ పాఠశాలల్లో పనిచేసే టీచరమ్మలు ప్రసవానికి ఐదు నెలల ముందే జీతం లేని సెలవులో వెళ్లిపోవాల్సి వచ్చేది. 1974లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మన దేశంలో ఎయిర్ ఇండియా ఎయిర్ హోస్టెస్‌లకు మొదటి గర్భంతోనే ఉద్యోగం పోయే నిబంధన ఉండేది. 1981లో సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేస్తూ, అది భారత స్త్రీత్వానికే అవమానమని మండిపడింది. పదేళ్లకు, 1991లో, ఇంకో కేసు అదే కోర్టు ముందుకొచ్చింది. ప్రభుత్వ బీమా సంస్థ ఎల్‌ఐసీలో ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగిని ప్రసూతి సెలవు తీసుకుంది. చేరేటప్పుడు నింపిన ఫారంలో నెలసరి తేదీ తప్పు రాసిందంటూ సంస్థ ఆమెను తీసేసింది. కోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది, ఆ ప్రశ్నలను ఫారం నుంచి తొలగించమంది. ఈ రెండు కేసుల మధ్య తేడా గమనించండి. 1981 నాటికి గర్భమే కారణమని నిబంధనలో ఉంది. 1991 నాటికి కారణం పేరు మారిపోయి "తప్పుడు సమాచారం" అయింది. ఇప్పుడది "పనితీరు".

ఆ పనితీరు రికార్డు ఎలా తయారవుతుందో కాస్త దగ్గరగా చూడాలి. గర్భస్రావం ప్రమాదం ఎక్కువగా ఉండేది మొదటి మూడు నెలల్లోనే. అందుకే చాలామంది ఆ గండం గడిచేదాకా ఆఫీసులో నోరు విప్పరు. వాంతులు, తల తిప్పడం, కూర్చున్న చోటే నిద్ర ముంచుకురావడం కూడా ఎక్కువమందికి సరిగ్గా ఆ నెలల్లోనే. పొద్దున ఆలస్యమవుతుంది. ఒంట్లో బాగాలేదని రెండు రోజులు సెలవు. స్కాన్ కోసం ఒక పూట పర్మిషన్. ఎందుకని అడిగితే చెప్పలేదు కాబట్టి ఏదో సాకు. నాలుగో నెలలో విషయం బయటపెట్టే సమయానికి, కారణం తెలియని గైర్హాజరీలన్నీ హాజరు పట్టీలో వరసగా పేరుకుని ఉంటాయి. గర్భం వల్ల వచ్చినవే గర్భంతో సంబంధం లేని ఆధారాలుగా లేఖకు జతవుతాయి. నా స్నేహితురాలి లేఖలో అలాంటి తేదీలు ఐదు ఉన్నాయి. అందులో ఒకటి మొదటి స్కాన్ రోజు.

తేదీని చూడడం కొత్త ఆలోచనేం కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో పుట్టీ పుట్టగానే చేసిన తొలి ఒప్పందాల్లో ప్రసూతి రక్షణ ఒకటి. అప్పట్లో సెలవులో ఉన్న స్త్రీకి నోటీసు ఇవ్వకూడదన్నారు. 2000 నాటి 183వ ఒప్పందం ఇంకా ముందుకెళ్లింది. గర్భంతో ఉన్నప్పుడు గానీ, సెలవులో గానీ, తిరిగి చేరిన కొంతకాలం వరకు గానీ తీసేస్తే, ఆ తొలగింపుకు గర్భంతో సంబంధం లేదని నిరూపించాల్సిన భారం యజమానిదే అంది. ఐరోపా సమాజం (నేటి ఐరోపా యూనియన్) 1992లో ఇచ్చిన ఆదేశం కూడా గర్భం మొదలైన నాటి నుంచి ప్రసూతి సెలవు ముగిసేదాకా తొలగింపును నిషేధించింది. వేరే కారణంతో తీసేయాల్సి వస్తే, అది సరైనదని రాతపూర్వకంగా చూపించమంది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి, ఉద్యోగాల కోత జరిగినప్పుడు అనువైన వేరే ఖాళీ ఏదైనా ఉంటే దాన్ని ముందు ఆమెకే ఇవ్వాలన్న హక్కు, గర్భం సంగతి యజమానికి చెప్పిన రోజునే మొదలవుతోంది. అక్కడ చట్టం తేదీనే పట్టుకుంది.

తేదీల దగ్గరా తెలివితేటలు ప్రదర్శించేవాళ్లు ఉంటారు. బెల్జియంలో ఒక ఆర్కిటెక్టుల సంస్థ, సెక్రటరీ ప్రసూతి సెలవులో ఉండగానే ఆమె స్థానంలో మనిషి కావాలని ప్రకటన ఇచ్చింది. తొలగింపు లేఖ మాత్రం రక్షణ గడువు దాటాక చేతికిచ్చింది. ఐరోపా న్యాయస్థానం 2007లో ఆ ఎత్తును ఒప్పుకోలేదు. గడువు లోపల నిర్ణయం తీసుకున్నా, సన్నాహాలు చేసినా నిషేధమే అంది. నా దృష్టిలో క్యాలెండర్‌లోంచి మాయమైన సోమవారం మీటింగ్ కూడా అలాంటి సన్నాహమే.

2025 నవంబరులో సామాజిక భద్రతా కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న మన 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ఇక్కడే బలహీనంగా ఉండేది. సెలవులో ఉండగా తీసేయడం చట్టవిరుద్ధమని 12వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. సెలవుకు ముందు, గర్భంతో పనిచేస్తున్న నెలల్లో తీసేస్తే మాత్రం, తీవ్రమైన దుష్ప్రవర్తన ఉంటే తప్ప ప్రసూతి ప్రయోజనం పోదని చెప్పి ఊరుకుంది. అంటే డబ్బుకు భరోసా ఉండేది, కుర్చీకి ఉండేది కాదు. చెప్పిన రోజుకీ సెలవు మొదలయ్యే రోజుకీ మధ్య ఉండే ఆ నాలుగైదు నెలల్లోనే కదా ఈ తొలగింపులు జరిగేది!

యజమానుల మాట కూడా వినాలి. పదిమంది పనిచేసే చోట ఒకరు ఆరు నెలలు రాకపోతే నిజంగానే కష్టం. 2017 సవరణతో సెలవు 26 వారాలకు పెరిగింది. ప్రభుత్వ ఉద్యోగుల బీమా పథకం ఈఎస్‌ఐ పరిధిలో లేని ఉద్యోగినులకు ఆ కాలం జీతం మొత్తం యజమానే ఇవ్వాలి. ఖర్చంతా ఒకే జేబు మీద పడితే ఆ జేబు గలవాడు ఆమెను చూడగానే లెక్కలు వేసుకుంటాడు. దీన్ని 183వ ఒప్పందం ముందే ఊహించి, ప్రయోజనాలు సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధుల నుంచో రావాలని చెప్పింది. బ్రిటన్‌లో యజమాని చట్టప్రకారం ఇచ్చిన ప్రసూతి వేతనంలో 92 శాతం ప్రభుత్వం నుంచి తిరిగి రాబట్టుకోవచ్చు, చిన్న సంస్థలైతే ఇంకా ఎక్కువే. నేను దీన్ని గట్టిగా సమర్థిస్తాను. అయితే ఖర్చు ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. ఇన్ని రక్షణలున్న అదే బ్రిటన్‌లో సమానత్వ, మానవ హక్కుల కమిషన్ 2016లో ప్రచురించిన అధ్యయనంలో ప్రతి తొమ్మిది మంది తల్లుల్లో ఒకరు తమను తీసేశారనో, ఉండలేని పరిస్థితి కల్పించారనో చెప్పారు. దేశం మొత్తానికి లెక్కేస్తే అది ఏడాదికి 54,000 మంది దాకా ఉండొచ్చని అంచనా వేశారు. ఇక ఈమె మనసు పని మీద ఉండదు అనే నమ్మకం ఏ బీమాతోనూ పోదు.

గడువుల సంగతి నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధిస్తుంది. మన 1961 చట్టం కింద అప్పీలుకు 60 రోజులే ఉండేవి. బ్రిటన్‌లో దశాబ్దాలుగా ఉంటూ వచ్చింది మూడు నెలలకు ఒక రోజు తక్కువ. అమెరికాలో 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300. నాలుగో నెలలో ఉద్యోగం పోయిన మనిషి ఆరో నెలలో లాయర్ల చుట్టూ తిరగాలన్నమాట. బీపీ పెరగకూడదని డాక్టర్ చెబుతుంటే, తనను పనికిరానిదన్న కాగితాలు ముందేసుకుని జవాబులు రాయాలి. ప్రసవం అయి, ఒళ్లు కుదుటపడి, రాత్రి నాలుగు గంటలు నిద్రపట్టే నాటికి అరవై రోజుల గడువైనా, మూడు నెలల గడువైనా ఎప్పుడో దాటిపోతుంది. ఆ గడువు ప్రసవం తర్వాత మొదలైతే ఎవరికేం నష్టం?

నా స్నేహితురాలి విషయంలో ఆ ప్రశ్న దాకా కూడా వెళ్లలేదు. చట్టం తీసేసినవాళ్ల గురించి మాట్లాడుతుంది, ఆమె తనంతట తాను మానేసినట్టు సంతకం పెట్టింది. పైగా మేనేజర్‌కు నోటితోనే చెప్పింది. ఆ సాయంత్రమే, "ఈ రోజు మీతో మాట్లాడినట్టుగా నేను గర్భవతిని" అని రెండు లైన్ల మెయిల్ పెట్టి ఉంటే, కనీసం మాకు తెలియదని సంస్థ అనలేకపోయేది. ఆ ఆనందంలో మెయిల్ సంగతి ఎవరికి తోస్తుంది? అయినా ఇప్పుడు విషయం చెప్పబోతున్న వాళ్లు ఎవరైనా నన్ను అడిగితే ఈ రెండే చెబుతున్నాను. అదే రోజు మెయిల్ పెట్టండి, ఇంటికెళ్లి ఆలోచించకుండా ఏ రాజీనామా మీదా సంతకం పెట్టకండి.

పాపకు ఇప్పుడు తొమ్మిదో నెల. ఆమె మళ్లీ ఇంటర్వ్యూలకు వెళ్తోంది. రిలీవింగ్ లెటర్‌లో "వ్యక్తిగత కారణాల వల్ల" అని ఉంది. ఆ వ్యక్తిగత కారణం ఏమిటని వెళ్లిన ప్రతిచోటా అడుగుతున్నారు. ఏం చెప్పమంటావని మొన్న ఫోన్ చేసి అడిగింది.