చేనులో ఆమె, అడంగల్‌లో ఆయన

ఎండాకాలం చివర్లో కదిరి వైపు పల్లెలకు వెళ్తే అరుగుల మీద ఆడవాళ్లు గుంపుగా కూర్చుని విత్తనపు బుడ్డలు (వేరుశనగ కాయలు) ఒలుస్తూ కనిపిస్తారు. మిషన్‌లో వేస్తే గంటల్లో అయిపోయే పనే. కానీ మిషన్‌లో గింజ మీది పలచని పొర చిట్లుతుంది, పప్పు బద్దలవుతుంది. అలాంటి గింజ చేనులో సరిగా మొలవదు. అందుకే విత్తనం వరకు చేత్తోనే ఒలుస్తారు. ముడుచుకున్నదీ బూజు పట్టినదీ అక్కడే పక్కకు పోతుంది. వ్యవసాయ కాలేజీలో ఇది విత్తన నాణ్యత పాఠం. అరుగు మీద మాత్రం కూలి పని. సొంత చేను అయితే ఆ పేరూ లేదు, ఇంటి పని.

కర్నూలు, నంద్యాల జిల్లాల్లో హైబ్రిడ్ విత్తనం కోసం పెంచే సీడ్ పత్తి చేలలో జరిగేది ఇంకా నాజూకైన పని. మరునాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం పూట ఎంచి, రేకులతో పాటు పుప్పొడి తిత్తులను గోటితో తీసేయాలి. లోపలి కీలం, అంటే పుప్పొడిని అందుకునే ఆడ భాగం, దెబ్బతినకూడదు. తెల్లారి మగ మొక్క పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. ఒక్కో పువ్వుకూ ఇదే వరస, వారాల తరబడి. 1970లో దేశపు తొలి హైబ్రిడ్ పత్తి హెచ్-4 సూరత్‌లో బయటికి వచ్చిందీ ఈ పద్ధతిలోనే. అక్కడ దాన్ని పరిశోధన అన్నారు, ఇక్కడ రోజుకూలి అంటున్నాం. ఆ కూలి కోసం ఒకప్పుడు ఆడపిల్లలను బడి మానిపించి తోలుకుపోయిన సిగ్గు కూడా ఈ చేలదే.

ఇంత చేసినా అడంగల్‌లో, అంటే ఏ చేను ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసే ఊరి రికార్డులో, ఆమె పేరు ఉండదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో ఆడవాళ్ల పేరిట ఉన్న కమతాలు సుమారు 14 శాతమే. పట్టాదారు పాస్‌బుక్ లేకపోతే బ్యాంకులో పంట రుణం దొరకడం కష్టం, పీఎం కిసాన్ కింద ఏటా వచ్చే 6,000 రూపాయలూ రావు. అప్పుల బాధతో మగమనిషి పోయిన ఇళ్లలో ఈ లోటు ఒక్కసారిగా మీద పడుతుంది. పాతికేళ్లు అదే చేనులో నడుం వంచిన మనిషి, భూమి తన పేరుకు మారడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. అది తేలేలోపు విత్తే అదను దాటిపోతుంది.

చట్టం లేక కాదు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన హక్కును మన రాష్ట్రం 1986లోనే ఇచ్చింది. కేంద్రానికి 2005 దాకా పట్టింది. అయినా భాగం అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయం ముందు ఆ చట్టం నిలవడం లేదు.

ఇక సైన్సు సంగతి. మహానంది కాలేజీలో అమ్మాయిలు వ్యవసాయం చదవడం ఇప్పుడు వింత కాదు. కదిరిలో వేరుశనగ కోసమే పనిచేసే పరిశోధన కేంద్రం ఉంది. కానీ ఊళ్లో శిక్షణ అంటే కబురు పాస్‌బుక్ ఉన్నవాళ్లకే. పెట్టేది పొద్దున పది గంటలకు, ఆడవాళ్లు కలుపులో వంగి ఉండే వేళ. వేరుశనగ పువ్వు నుంచి ఊడలు భూమిలోకి దిగాక చేను కదిలించకూడదని, పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయాలని చెప్పేది టీ అంగడి దగ్గర కూర్చున్న ఆయనకు. కలుపు తీసేది ఆమె. (మగవాళ్లంతా టీ అంగడి దగ్గరే ఉంటారని మా ఉద్దేశం కాదు.) కొత్త రకం ఒలవడానికి ఎలా ఉంది, చెట్టు పీకితే కాయలు భూమిలోనే ఉండిపోతున్నాయా అని ఆమెను అడిగినవాళ్లు ఎందరు?

ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. సభలు పెడతారు, శాలువాలు కప్పుతారు. మేము అడిగేది అంత ఖర్చు లేని పని. బీమాకూ పంట కొనుగోలుకూ ఆధారమైన ఈ-పంట నమోదులో, పట్టాదారు పేరు పక్కన ఆ చేను సాగు చేసే ఆడమనిషి పేరుకూ ఒక గడి పెట్టండి. శిక్షణ కబురు ఆమె ఫోన్‌కే పంపండి. ఫోన్ కూడా ఆయన దగ్గరే ఉంటుందంటారా? అయితే శాస్త్రవేత్తనే పొదుపు సంఘం మీటింగుకు పంపండి. అక్కడికి ఆమె ఎలాగూ వస్తుంది.