కొవ్వొత్తులు చూపించి భయపెట్టారు, తీరా కొమ్ము విరగ్గొట్టే ఆట ఆడించారు: ‘విచ్ ఫ్రమ్ మెర్క్యురీ’ మొదటి ఎపిసోడ్ల కథ

నాలుగేళ్ల పాప పుట్టినరోజు, కేక్ మీద కొవ్వొత్తులు, అమ్మానాన్నా ఇద్దరూ పనిచేసే ల్యాబ్. అంతలో ఆ ల్యాబ్ మీద దాడి జరుగుతుంది. అమ్మ రోబో ఎక్కుతుంది, పాప కూడా కాక్‌పిట్‌లోకి వచ్చేస్తుంది, ఎదురుగా వచ్చిన మూడు మెషీన్లు ఒక్కొక్కటిగా పేలిపోతుంటే ఆ పాప సంబరపడిపోతూ అచ్చం కొవ్వొత్తుల్లా ఉన్నాయి అంటుంది. పేల్చింది తనే అని, వాటిలో మనుషులున్నారని ఆ పిల్లకి తెలీదు. అమ్మకి తెలుసు. బయట నాన్న శత్రువుల్ని ఆపుతూ రేడియోలో పుట్టినరోజు పాట పాడతాడు, అక్కడే చచ్చిపోతాడు.

జపాన్ రోబో యానిమే ‘మొబైల్ సూట్ గండమ్: ది విచ్ ఫ్రమ్ మెర్క్యురీ’ ప్రోలాగ్ ఇది, 2022 జులైలో ముందుగా జపాన్‌లో ఒక ఈవెంట్‌లో వేశారు. నేనూ మా పిన్ని కొడుకూ కలిసి చూశాం, అయ్యాక కాసేపు ఇద్దరికీ మాట రాలేదు. పాతిక నిమిషాలు కూడా లేని ముక్కలో రోబో అంటే ముద్దూ భయమూ రెండూ పుట్టించడం మామూలు విషయం కాదు, ఇంక సిరీస్ ఏ రేంజ్‌లో ఉంటుందో అనుకుని వెంటనే ఫస్ట్ ఎపిసోడ్ పెట్టేశాం.

పెడితే స్కూలు.

స్కూలు కథ అంటే నాకేం పడదని కాదు. సులెట్టా అనే అమ్మాయి బుధగ్రహం నుంచి వస్తుంది, పుట్టి బుద్ధెరిగాక స్కూలు ముఖం చూళ్లేదు, నోరు తెరిస్తే నత్తి, స్కూల్లో చేయాల్సిన పనులంటూ ఒక లిస్ట్ రాసుకుని మరీ తెచ్చుకుంటుంది. పాపం బాగుంటుంది. టీవీ గండమ్ సిరీస్‌లలో అమ్మాయి మెయిన్ హీరో అవ్వడం ఇదే మొదటిసారి కాబట్టి కొంచెం కొత్తగానూ ఉంటుంది. అదే స్కూల్లో మియోరినే అనే అమ్మాయికి గ్రీన్‌హౌస్‌లో టమాటాలు పెంచుకోవడం ఒక్కటే సంతోషం, స్కూల్లో రోబో డ్యూయల్స్ అన్నీ గెలిచినవాడిని ఈ అమ్మాయి పెళ్లి చేసుకోవాలని వాళ్ల నాన్న రూల్ పెట్టేశాడు. అంటే స్వయంవరమే, కాకపోతే ‘స్వయం’ అన్న ముక్క తీసేసిన స్వయంవరం. ఇంతవరకూ నాకు ఓకే.

అసలు గొడవ డ్యూయల్ దగ్గర. ఎదుటివాడి రోబో తల మీద కొమ్ములా ఉన్న బ్లేడ్ యాంటెన్నా విరగ్గొడితే గెలిచినట్టు, అంతే రూల్. ఫస్ట్ ఎపిసోడ్‌లో గ్వెల్ అనే పొగరుబోతు వచ్చి గ్రీన్‌హౌస్ పగలగొడతాడు, సులెట్టా తన రోబో ఏరియల్ ఎక్కుతుంది, షీల్డ్ విడిపోయి పదకొండు ముక్కలై గాల్లో ఎగురుతుంది, క్షణాల్లో వాడి రోబోకి కాళ్లూ చేతులూ ఊడిపోతాయి, ఆఖర్న కొమ్ము ఎగిరిపోతుంది. చూడ్డానికి మాత్రం అదిరింది, అది కాదనను. కానీ మన సినిమాల్లో హీరో ఇంట్రో ఫైట్ చూస్తున్నప్పుడు ఈయన ఓడిపోతాడేమో అని ఎవడైనా టెన్షన్ పడతాడా? అలాంటి ఫైటే ఇది కూడా. విజిల్ వేసి కూర్చోవడమే. ఇంట్రో ఫైట్ ఒకటైతే పర్లేదు, మూడో ఎపిసోడ్‌లో మళ్లీ అదే గ్వెల్, ఐదులో ఇంకో డ్యూయల్, ఆరులో ఇంకోటి. ప్రోలాగ్‌లో రోబో పేలితే లోపల మనిషి పోయాడని గుండె గుబేల్‌మంది కదా, ఇక్కడ రోబో ముక్కలైతే లోపల ఉన్నోడు దుమ్ము దులుపుకుని దిగొస్తాడు, మహా అయితే వాడి పరువు పోతుంది. మూడో ఎపిసోడ్‌లో అయితే ఓడిపోయిన గ్వెల్ దిగి పెళ్లి చేసుకుంటావా అని అడుగుతాడు, నవ్వొచ్చింది నిజమే, కానీ నేను నవ్వుకోవడానికి కూర్చోలేదు.

1979లో వచ్చిన మొదటి గండమ్‌లో మొదటి ఎపిసోడ్ గుర్తు చేసుకోండి. అమురో అనే కుర్రాడు మాన్యువల్ పేజీలు తిప్పుకుంటూ ఆ మెషీన్‌ని లేపి నిలబెడతాడు, జాకు అనే శత్రువుల రోబోల్లో మొదటిదాన్ని కొడితే దాని ఇంజిన్ పేలి కాలనీ గోడకి చిల్లి పడుతుంది, అతని నాన్న ఆ చిల్లిలోంచే అంతరిక్షంలోకి కొట్టుకుపోతాడు. దాంతో రెండోదాన్ని ఎలా కొట్టాలో ఆ కుర్రాడే ఆలోచిస్తాడు, ఇంజిన్ తగలకుండా సరిగ్గా కాక్‌పిట్‌లోకి పొడవాలి. అంటే మనిషి కూర్చున్న చోటే చూసి పొడవాలి. దీని గురించి ఎవరూ లెక్చర్ ఇవ్వరు, బొమ్మలోనే అంతా ఉంటుంది. 2015లో వచ్చిన ఇంకో గండమ్ సిరీస్ ‘ఐరన్ బ్లడెడ్ ఆర్ఫన్స్’లో కూడా అంతే, పిల్లల వెన్నెముకకి ఆపరేషన్ చేసి మెషీన్‌కి తగిలిస్తారు, ఆ రోబో కదిలిన ప్రతిసారీ ఆ వీపే గుర్తొస్తుంది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఇంత మెచ్చుకుంటున్న ఆ 1979 సిరీస్‌నే అప్పట్లో జనం సరిగ్గా చూళ్లేదు, 52 ఎపిసోడ్లు అనుకున్నది 43కి కోసేశారు, తర్వాత రీరన్లూ ప్లాస్టిక్ మోడల్ కిట్లూ 1981, 82ల్లో వచ్చిన సినిమాలూ దాన్ని లేపాయి. కాబట్టి మొదటి ఎపిసోడ్లు జనానికి ఎక్కకపోతే సిరీస్ వేస్ట్ అని నేను అనను. నాకెందుకు ఎక్కలేదో చెప్తున్నా, అంతే.

కిట్ల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. మా పిన్ని కొడుకు గన్‌ప్లా (గండమ్ ప్లాస్టిక్ కిట్లు) పిచ్చోడు, 1/144 స్కేల్ ఏరియల్ కిట్ కొనుక్కుని ఒక ఆదివారం మొత్తం కూర్చుని బిగించాడు, జిగురు అక్కర్లేకుండా క్లిక్ మని అతుక్కుంటాయి ముక్కలు. ప్రతి డ్యూయల్‌కీ ఒక కొత్త రోబో దిగుతుంటే నాకు కిట్ల కేటలాగ్ తిరగేస్తున్నట్టు ఉందిరా అన్నా. వాడికి కోపమొచ్చింది. “అన్నా, గండమ్ పుట్టిందే బొమ్మల కంపెనీ డబ్బులతో, ఇప్పుడు కొత్తగా ఏంటి నీకు” అన్నాడు. అదీ నిజమే, మొదటి సిరీస్‌కి స్పాన్సర్ క్లోవర్ అనే బొమ్మల కంపెనీ. కానీ అక్కడ కొత్త బొమ్మ వచ్చిందంటే ఎవరో చావబోతున్నారని అర్థం, ఇక్కడ కొత్త బొమ్మ వస్తే ఇంకో కొమ్ము విరుగుతుంది.

ఇంత తిట్టుకున్న మొదటి ఐదు ఎపిసోడ్లలో నాకు బాగా నచ్చిన ఎపిసోడ్‌లో అసలు డ్యూయలే లేదు తెలుసా. నాలుగోది. పైలట్ పరీక్ష, నడిపేవాళ్లు ఒక్కరే వస్తే కుదరదు, మెకానిక్ ఉండాలి, దారి చెప్పే స్పాటర్ ఉండాలి, సులెట్టాకి ఎవరూ లేరు. ఎలాగో మనుషుల్ని కూడగట్టుకుని వస్తే అవతలి పిల్లలు కుట్ర చేసి ముందేమీ కనపడకుండా చేస్తారు. ఏడుస్తుంది, ఏడుస్తూనే ఆపకుండా అడుగు వేస్తుంది. అది చూసి చుచు అనే భూమి పిల్ల తట్టుకోలేక పరిగెత్తుకెళ్లి ఆ ఆకతాయిని ఒక్క గుద్దు గుద్దుతుంది. ఆ గుద్దుకి ఉన్న బరువు పదకొండు ముక్కల షీల్డ్‌కి లేదండీ. ఎందుకంటే ఇక్కడ తప్పితే ఫెయిల్, మళ్లీ పరీక్ష, నలుగురిలో నవ్వులపాలు. చిన్నదే, కానీ నిజంగా పోయేదేదో ఉంది. అందుకే స్కూలు పెట్టడం తప్పు కాదు అంటున్నా, ఆ స్కూల్లో రోబోకి ఇచ్చిన పనే తప్పు.

ఇంకా చూడనివాళ్లు ఈ కింది రెండు పేరాలూ వదిలేయొచ్చు.

ఈ కథలో గండమ్ అనే రకం రోబోని నడిపితే ఒళ్లు పాడవుతుంది, పెర్మెట్ స్కోర్, అంటే మనిషికీ మెషీన్‌కీ మధ్య లింకు, పెరిగేకొద్దీ మొహం మీద ఎర్రటి గీతలు పాకుతాయి, ఇంకా పెంచితే మనిషే పోతాడు. విచిత్రం ఏంటంటే ఈ టెక్నాలజీ పుట్టింది కృత్రిమ కాళ్లూ చేతులూ, అంతరిక్షంలో ఒళ్లు పాడవకుండా వైద్యం, వీటికోసం. ఎంత మంచి ఐడియా! కానీ సులెట్టాకి ఏమీ అవ్వదు. దానికి కారణం ఉంది, రెండో సీజన్‌లో చెప్తారు, నేను చెప్పను. రహస్యం దాచుకోండి తప్పులేదు, కానీ ఆ రహస్యం దాచడం కోసం మెయిన్ హీరోకే ఏ నొప్పీ లేకుండా చేశారు, ఆ నొప్పంతా పక్కవాళ్ల మీదకి నెట్టారు. అందుకే ఆరో ఎపిసోడ్ దాకా వెయిట్ చేయాల్సొచ్చింది. ఎలాన్ అనే అబ్బాయి ఓడిపోతాడు, వాడు అసలు ఎలాన్ కూడా కాదు, కంపెనీ తయారుచేసుకున్న నాలుగో నకలు, పని అయిపోయింది కాబట్టి కాల్చి పారేస్తారు. అక్కడ వాడు బూడిదవుతుంటే ఇక్కడ సులెట్టా కలుద్దామన్న చోట కూర్చుని పుట్టినరోజు పాట కూనిరాగం తీస్తుంటుంది. ప్రోలాగ్‌లో నాన్న పాడిన పాటే. నాకు ఒళ్లు చల్లబడిపోయింది. ఈ పాటని ఐదు ఎపిసోడ్లు ఎక్కడ పెట్టి మర్చిపోయారయ్యా అనిపించింది.

“పన్నెండో ఎపిసోడ్ దాకా చూడన్నా, అప్పుడు మాట్లాడు” అని మావాడి గోల. పన్నెండు ఎపిసోడ్లంటే దాదాపు ఐదు గంటలు, మన సినిమాలు రెండు అయిపోతాయి, అంతసేపు కూర్చోబెట్టి ఇప్పుడు బాగుంటుంది చూడు అనడం అన్నం పెట్టకుండా అర్ధరాత్రి దాకా ఆపి బిర్యానీ వస్తోంది అన్నట్టు ఉంటుంది. అయినా చూశా. మియోరినేని కాపాడ్డానికి సులెట్టా రోబో చేత్తో ఒక మనిషిని దోమని కొట్టినట్టు కొడుతుంది, రోబోలోంచి దిగొచ్చి రక్తంలో జారి, నవ్వుతూ చెయ్యి చాపుతుంది. మియోరినే వణికిపోతుంది. ఇక్కడ మాత్రం ఒప్పుకుంటా, ఆ నవ్వు అంత భయంకరంగా ఉండాలంటే పదకొండు ఎపిసోడ్లు ఆ అమ్మాయి అమాయకంగా లిస్ట్ పట్టుకు తిరగాల్సిందే. కానీ డ్యూయల్స్ వల్ల ఆ సీన్‌కి ఒరిగిందేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, కొమ్ములు విరగ్గొట్టిన సీన్లన్నీ తీసేసినా ఆ చెయ్యి అంతే గట్టిగా తగులుతుంది.

ఇదంతా వాడికి చెప్దామని మొన్న వాళ్లింటికి వెళ్లా. వెళ్లేసరికి టేబుల్ మీద ఉండాల్సిన ఏరియల్ కింద పడి ఉంది, తల మీది కొమ్ము విరిగి మంచం కిందకి పోయింది, వాడు ఫోన్ టార్చ్ పట్టుకుని వెతుకుతున్నాడు. రూల్ ప్రకారం ఓడిపోయావు కదరా అన్నా. వాడు నవ్వలేదు. ఫెవీక్విక్ తెచ్చిపెట్టమని షాపుకి పంపాడు.