తటస్థంగా ఉండటం ఎంత కష్టమో మీకేం తెలుసు

మా వేదికలో సభ్యులం పదకొండు మందిమి. పదవులు పదమూడు. మిగిలిపోయిన ఆ రెండు పదవులకు తగిన మనుషుల కోసం రెండేళ్లుగా వెతుకుతున్నాం. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే చాలు, సంఘం రిజిస్టర్ చేసుకోవచ్చు. పదవులు కూడా ఏడుతో ఆపేయాలని చట్టంలో మాకెక్కడా కనబడలేదు. అందుకని అధ్యక్షుడు, గౌరవాధ్యక్షుడు, వ్యవస్థాపక అధ్యక్షుడు, కార్యనిర్వాహక అధ్యక్షుడు అని నలుగురు పెద్దమనుషుల్ని నాలుగు దిక్కులా నిలబెట్టి, వేదికను పటిష్ఠం చేసుకున్నాం. నేను సంయుక్త కార్యదర్శిని. అంటే ఏం చేయాలి అని మా ఆవిడ అడిగింది. కార్యదర్శి చేయని పనుల్ని నేను కూడా చేయకుండా చూసుకోవాలి అని చెప్పాను.

వేదిక పేరు చెప్పను. చెబితే ప్రచారం చేసుకుంటున్నాం అంటారు. ఆశయం మాత్రం చెబుతాను: ప్రజా విధానాలపై పార్టీలకు అతీతంగా, నిష్పాక్షికంగా చర్చ జరపడం. ఇందులో మాకు జీతం లేదు, భత్యం లేదు. ఖర్చంతా తన జేబులోంచే పెడుతున్నానని మా అధ్యక్షులవారు ప్రతి సభలోనూ చెబుతారు. అది అక్షరాలా నిజం. ఆ జేబులోంచి వచ్చిన డబ్బుతో శాలువా కొని, సభ చివర్లో ఆయనకే కప్పుతాం. ప్రజాధనం ఒక్క పైసా వృథా కాదు.

ఈ స్వచ్ఛంద నాయకత్వంలో ఉన్న బాధ బయటివాళ్లకు తెలియదు. మొదటి బాధ పేరుతోనే వచ్చింది. మేమందరం వాలంటీర్లం అని మొదట్లో చెప్పుకునేవాళ్లం. 2019 ఆగస్టు 15న మా ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ మొదలయ్యాక ఆ మాట మాకు దక్కకుండా పోయింది. అప్పట్లో సుమారు 50 ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. మా గౌరవాధ్యక్షులు పెద్ద ఇంజినీరుగా రిటైరైన మనిషి. ఆయన ఒక ఇంటికి వెళ్లి 'వాలంటీర్‌నండి' అనగానే ఆ ఇల్లాలు పింఛను పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. పక్కింటాయన మాత్రం 'ఏ పార్టీవాడివి నువ్వు?' అని గేటు దగ్గరే ఆపేశాడు. అప్పుడే తెలిసింది, ఆ మాటకు కూడా పార్టీ ఉందని.

అత్యవసర కార్యవర్గ సమావేశం పెట్టాం. 'స్వయంసేవకులు' అందామంటే ఒక వైపు వాలినట్టు ఉంటుందన్నారు. 'కార్యకర్తలు' అంటే జెండా ఏదని అడుగుతారు. 'సహచరులు' అందామంటే మా కోశాధికారి గారు, పాతికేళ్లు బ్యాంకులో పనిచేసిన మనిషి, అందులో ఎరుపు కనిపిస్తోందన్నారు. మూడు సమావేశాల తర్వాత 'బాధ్యులు' దగ్గర ఆగాం. ఏ పనికి బాధ్యులు అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

తర్వాత ఫ్లెక్సీ. పంచాయతీ ఆఫీసులకు వేసిన పార్టీ రంగులు చెరిపేయమని 2020లో హైకోర్టు చెప్పాల్సి వచ్చిన రాష్ట్రం మాది. రంగు దగ్గర అజాగ్రత్తగా ఉంటే కొంప మునుగుతుంది. పసుపు కుదరదు. నీలం, ఆకుపచ్చ విడివిడిగా పరవాలేదు కానీ పక్కపక్కన ఉండకూడదు. కాషాయం, ఎరుపు సంగతి సరేసరి. గులాబీ పక్క రాష్ట్రానిదే అయినా రేపు ఎవరు ఎక్కడ పోటీ చేస్తారో ఎవరికి తెలుసు? చివరికి బూడిద రంగు మీద బూడిద రంగు అక్షరాలు వేయించాం. మా నిష్పాక్షికతకు అంతకన్నా రుజువు ఉండదు. దాని మీద ఏం రాసి ఉందో ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయారు.

ఇంత చేసినా జనం నమ్మరు. ఎక్కడికి వెళ్లినా ఒకటే ప్రశ్న: 'పార్టీ ఎప్పుడు పెడుతున్నారు సార్?' తప్పు వాళ్లది కాదు. 1996లో ఉద్యమంగా మొదలైన లోక్‌సత్తా 2006లో పార్టీ అయింది, 2009లో జయప్రకాశ్ నారాయణ్ గారు కూకట్‌పల్లి నుంచి గెలిచారు. అప్పట్నుంచి నలుగురు చదువుకున్నవాళ్లు కలిసి టీ తాగుతుంటే చాలు, గుర్తు ఏమిటని అడుగుతున్నారు. మేం పార్టీ పెట్టం. పెడితే గెలవాలి, గెలిస్తే పని చేయాలి. అంత దూరం మేం ఆలోచించలేదు.

అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు కొందరు 1999లో ఏడీఆర్ (అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్) అని ఒక సంస్థ పెట్టారు. వాళ్లు పార్టీ పెట్టలేదు కానీ అంతకన్నా పెద్ద పొరపాటు చేశారు, కోర్టుకు వెళ్లారు. ఆ కేసుల్లో 2002లో, 2003లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల వల్లే ఇవాళ పోటీ చేసే ప్రతి అభ్యర్థీ తన మీద ఉన్న కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అఫిడవిట్‌లో రాయాల్సి వస్తోంది. ఫలితం వచ్చేసింది చూశారా! ఫలితం వస్తే ఎవరో ఒకరికి కోపం వస్తుంది. కోపం వచ్చినవాడు మనల్ని అవతలి పార్టీ మనిషి అంటాడు. ఈ ప్రమాదాన్ని మా వేదిక ముందే పసిగట్టింది. మమ్మల్ని గోడ మీద పిల్లులంటారు కానీ ఆ పోలిక తప్పు. గోడ మీద పిల్లి ఎప్పటికైనా ఏదో ఒక పక్కకు దూకుతుంది.

మా సేవకు పరాకాష్ఠ ఆస్తి పన్ను చర్చ. అది కొంచెం వివరంగా చెప్పాలి.

అంతకుముందు ఇంటి పన్నును వార్షిక అద్దె విలువ మీద లెక్కగట్టేవారు. 2020లో చట్టం మార్చి, 2021-22 నుంచి ఆస్తి మూలధన విలువ మీద వేస్తామన్నారు. అంటే రిజిస్ట్రేషన్ల శాఖ మీ వీధికి రాసిపెట్టుకున్న రేటు పెరిగితే మీ పన్నూ పెరిగే దారి పడుతుంది. నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం లోపు. ఎంత పెరిగినా ఏడాదికి 15 శాతం మించదని హామీ. మెయిన్ బజారులో తాతలనాటి పెంకుటిల్లు ఉండి, చేతిలో వితంతు పింఛను తప్ప ఏమీ లేని ముసలావిడకు ఆ వీధి రేటుతో పనేముంటుంది? ఆవిడ అమ్మదు, కొనదు. అయినా లెక్క ఆ రేటు మీదే. చర్చించాల్సిన విషయమే. మున్సిపాలిటీ వాళ్లు ముసాయిదా పెట్టి, ఫలానా తేదీలోపు అభ్యంతరాలు చెప్పమన్నారు కూడా.

వెంటనే రంగంలోకి దిగాం. మొదటి వారం ఆహ్వాన పత్రికలో పేర్ల వరుస గురించి. వ్యవస్థాపక అధ్యక్షుడు ముందా, గౌరవాధ్యక్షుడు ముందా? ఒకరు వేదికను పుట్టించినవారు, ఇంకొకరు హాలు ఇప్పించినవారు. రెండో వారం ఫొటోల సైజు. మూడో వారం అతిథులు. ఒక పార్టీ నుంచి ఒకర్ని పిలిస్తే ఇంకో పార్టీ నుంచీ పిలవాలి. ఇద్దర్నీ పిలిచాం. అవతలివాడు వస్తే నేను రానని ఇద్దరూ అన్నారు, ఇద్దరూ రాలేదు. సంపూర్ణ సమతుల్యత! ముసాయిదా బిల్లుల్ని కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని కేంద్రం 2014లో ఒక విధానం పెట్టుకుంది. 30 రోజులు ఏ మూలకు వస్తాయండీ? మాకు పేర్ల వరుస తేలి, కార్డు అచ్చయ్యేసరికి 34 అయ్యాయి. అభ్యంతరాల గడువు దాటిన నాలుగో రోజున రౌండ్ టేబుల్ సమావేశం దిగ్విజయంగా జరిగింది.

రౌండ్ టేబుల్ అంటే టెంట్ హౌస్ నుంచి ఆరు బల్లలు తెచ్చి వరసగా వేసి, పైన తెల్లగుడ్డ పరిచాం. 23 మంది మాట్లాడారు. ముగ్గురు రోమ్ నగరంలో పన్నుల నుంచి మొదలుపెట్టి కౌటిల్యుడి దాకా వచ్చారు, మున్సిపాలిటీ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి చీటీ అందింది. ఒకాయన పన్నులు కడితేనే రోడ్లు వస్తాయన్నారు. ఇంకొకాయన రోడ్లు వేస్తేనే పన్నులు కడతామన్నారు. ఇద్దరికీ సమానంగా చప్పట్లు కొట్టాం. 15 శాతమే కదా, ఎందుకింత గొడవ, అని కార్యనిర్వాహక అధ్యక్షులు ముగించారు. ఉప్మా బాగుంది.

సభికుల నుంచి ప్రశ్నలు కూడా తీసుకున్నాం. చీటీ మీద రాసి ఇవ్వండి, సమయాన్ని బట్టి తీసుకుంటాం అన్నాం. సమయం ఉండదని మాకు ముందే తెలుసు, అయినా చీటీలు పంచాం. అది మర్యాద. అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో 1912లో పెట్టిన సిటీ క్లబ్ ఉందట, అక్కడ వక్త ఎంతటివాడైనా సభలో ఎవరు ఏం అడిగినా ముందుగా వడకట్టరట. మా కోశాధికారి గారి అబ్బాయి అక్కడ్నుంచి ఫోన్ చేసి చెప్పాడు. అధ్యక్షులవారు విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'వాళ్లకు శాలువాలుండవు కదా, అందుకే' అన్నారు.

ఆ రోజు వెనక వరసలో మా లెక్కల టీచరు గారు కూర్చున్నారు. ఎనిమిదో తరగతిలో నాకు చెప్పారు. ఎనభై దగ్గర పడుతోంది, సంచీ భుజాన వేసుకుని వస్తారు, ఏ పదవీ లేదు. సభ అయ్యాక నన్ను పిలిచి ఆహ్వాన పత్రిక వెనక్కి తిప్పి చూపించారు. పెన్సిలుతో ఒకదాని కింద ఒకటి రాసి ఉంది: 1,000. 1,150. 1,322. 1,520. 1,749. 2,011.

'ఏరా, చక్రవడ్డీ చెప్పానా లేదా నీకు?' అన్నారు. 'ఏటా పదిహేను అంటే ఐదేళ్లలో రెట్టింపు. పైన కూర్చున్న ఆ పెద్దాయన పదిహేనే కదా అంటాడేంట్రా?'

నేను తటస్థంగా తల ఊపాను.

ఆవిడ అప్పటికే గడువు లోపల తెల్లకాగితం మీద అభ్యంతరం రాసి, మున్సిపల్ ఆఫీసులో ఇచ్చి, స్టాంపు వేయించుకుని రసీదు తెచ్చుకున్నారు. ఒకటిన్నర పేజీ. లెక్క మొత్తం వేసి, తన వీధిలో నాలుగు ఇళ్లకు ఎంత పడుతుందో రాసి, రిజిస్ట్రేషన్ రేటు పెరిగినప్పుడల్లా ఏమవుతుందో అడిగారు. ఊళ్లో మొత్తం ఎన్ని అభ్యంతరాలు వచ్చాయో, వాటిని ఏం చేశారో ఆర్టీఐ కింద అడగమని మాకు చెప్పారు. ఫీజు పది రూపాయలు. కార్యవర్గంలో పెట్టాం. అధ్యక్షులవారు ఒప్పుకోలేదు. ఆయన వాదనలో బలం ఉంది: సమాచారం వస్తే అభిప్రాయం ఏర్పడుతుంది, అభిప్రాయం ఏర్పడ్డాక నిష్పాక్షికత ఎక్కడ ఉంటుంది?

అయితే వార్షిక నివేదికకు ఏదో ఒకటి రాయాలి కదా. 'ఆస్తి పన్నుపై వేదిక తరఫున లిఖితపూర్వక అభ్యంతరం సమర్పించడమైనది' అని రాశాం. రుజువు కోసం టీచరు గారి దగ్గర రసీదు అడిగి తీసుకున్నాం. పత్రికల కోసం ఫొటో కూడా దిగాం. ఆ ఫొటోలో అధ్యక్షులవారి బొటనవేలు సరిగ్గా ఆవిడ పేరు మీద పడింది. కావాలని కాదు, ఆయన వేలు లావు.

మొన్న ఆదివారం టీచరు గారు మా ఆఫీసుకు వచ్చారు. ఆఫీసంటే కోశాధికారి గారి ఇంటి ముందు గది. మిగిలిన రెండు పదవుల్లో ఒకటి, గౌరవ సలహాదారు, ఆవిడకు ఇవ్వాలని అనుకుంటున్నట్టు చెప్పాను.

'పనేంట్రా దానికి?'

'ఏమీ లేదండీ.'

'అయితే వద్దులే. నా రసీదు ఇవ్వు. దాని మీద నంబరు ఉంది, ఆ నంబరు చెబితే గానీ ఫైలు తీయమంటున్నారు.'

రసీదును లామినేషన్ చేయించి, ఫ్రేము కట్టించి, గోడకు తగిలించామని చెప్పాల్సి వచ్చింది. వేదిక ఆస్తుల జాబితాలో రెండో అంశం అది, మొదటిది మైకు. గోడ మీద నుంచి దించాలంటే కార్యవర్గ తీర్మానం కావాలి, సమావేశం వచ్చే నెల రెండో ఆదివారం, కోరం ఉంటే అదే రోజు తేలిపోతుంది, లేకపోతే పై నెలకు వెళ్తుంది అని నియమావళి ప్రకారం వివరించాను.

టీచరు గారు అంతా విన్నారు. సంచీ బల్ల మీద పెట్టారు. మూలన ఉన్న ప్లాస్టిక్ కుర్చీ బరబరా లాక్కొచ్చి గోడ దగ్గర వేశారు. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, ఒక కాలు కుర్చీ మీద పెట్టి, నా వైపు చూశారు.

'చూస్తావేంరా, కుర్చీ పట్టుకో.'

పట్టుకున్నాను. ఇది మినిట్స్‌లో రాయాలో వద్దో అధ్యక్షులవారిని అడగాలి.