14 ఎత్తుల శాంతి ఒప్పందం

జర్మనీలో బుండెస్‌లీగా అని చెస్ లీగ్ ఒకటుంది. జట్టుకు ఎనిమిది బోర్డులు. దేశదేశాల గ్రాండ్‌మాస్టర్లు విమానాల్లో దిగి, కోటు ఇస్త్రీ చేయించుకుని వచ్చి కూర్చుంటారు. ఒక్కోసారి ఒక బోర్డు మీద టీ చల్లారేలోపే ఆట డ్రాగా ముగుస్తుంది. గిట్టనివాళ్లు దీన్ని బద్ధకం అంటున్నారు. తీవ్రంగా ఖండిస్తున్నాను.

ఆ బోర్డు మీద జరిగేది చాలాసార్లు బెర్లిన్ డిఫెన్స్ అనే, నల్లపావులవారి ఆరంభ వ్యూహం. 19వ శతాబ్దం నాటి పెద్దమనుషుల పద్ధతి. తెల్ల మంత్రిగారు డీ4 గడి నుంచి ఈ4కి జరిగి చెక్ అంటారు. నల్ల మంత్రిగారు డీ6 నుంచి ఈ6కి వచ్చి అడ్డు నిలబడతారు. ఆయన వెనక్కి, ఈయనా వెనక్కి. మళ్లీ చెక్, మళ్లీ అడ్డు. గుమ్మం దగ్గర వియ్యంకులు "మీరు ముందు", "అబ్బే, మీరే ముందు" అనుకున్నట్టు. మూడోసారీ అదే దృశ్యం వచ్చేసరికి 14వ ఎత్తు, డ్రా. (మంత్రులు రెండు గదుల మధ్య తిరిగి పని అయిందనిపించడం మనకేం కొత్త కాదు.) ఈలోగా మూడు గుర్రాలు, ఒక శకటు, నాలుగు బంట్లు నేలకొరిగాయి. వాటి గురించి ఎవరూ అడగరు.

ఈ డిఫెన్స్‌ని తక్కువ అంచనా వేయకండి. 2000లో లండన్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ పోరులో క్రామ్నిక్ దీన్ని నాలుగుసార్లు ఆడితే కాస్పరోవ్ నాలుగుసార్లూ డ్రాతో సరిపెట్టుకున్నాడు. ఒక్క ఆటా గెలవకుండానే 15 ఏళ్ల కిరీటం వదులుకున్నాడు.

అలాంటి శాంతికి గ్లోబల్ చెస్ లీగ్‌వాళ్లు కట్టిన వెల చూడండి: తెల్లపావులతో గెలిస్తే 3 పాయింట్లు, నల్లపావులతో గెలిస్తే 4, డ్రాకి 1. శాంతికాముకుల మీద ఇంత కక్షా!

మన పిల్లలూ చెడిపోతున్నారు. 2024 బుడాపెస్ట్ చెస్ ఒలింపియాడ్‌లో వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 11 ఆటల్లో ఏకంగా తొమ్మిది గెలిచాడు. డ్రాలు రెండే. నలుగురితో సర్దుకుపోవడం ఎప్పుడు నేర్చుకుంటాడో!

మా కాలనీ లీగ్‌లో నేనూ బెర్లిన్ ఆడాను. ఎదుట పదేళ్ల పాప. ఎనిమిదో ఎత్తుకే పెద్దరికంగా చెయ్యి చాచి "డ్రా చేసుకుందామా తల్లీ" అన్నాను.

పాప బోర్డు మీంచి తల ఎత్తలేదు.

"వద్దంకుల్, మీ గుర్రం ఊరికే వస్తోంది."