అనుమతి సరే, తనిఖీ మాటేమిటి?
తెలంగాణలో టీఎస్ బీపాస్ (ఇంటి నిర్మాణానికి ఆన్‌లైన్‌లో అనుమతులిచ్చే విధానం) వచ్చాక ఇల్లు కట్టుకునేవారి కష్టాలు తీరిపోయాయని ఒక వ్యాసంలో రాశారు. అనుమతి వరకు ఒప్పుకుంటాను. 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లయితే రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు దాటకపోతే, స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి కాగితం చేతికొస్తుంది. ఈ విధానం తెచ్చిన 2020 చట్టానికి ముందు ఆఫీసుల చుట్టూ తిరిగినవారికి ఇది చిన్న మేలు కాదు. కానీ తనిఖీ సంగతి? వచ్చే అధికారులు చూసేది సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ ఉండాల్సిన ఖాళీ జాగా) వదిలారా, అదనపు అంతస్తు లేపారా అన్నదే. పునాది లోతు, స్తంభాల్లో ఇనుము చూసే నాథుడు మాకైతే కనిపించలేదు. మా ఇంటి ప్లానుపై సంతకం పెట్టిన స్ట్రక్చరల్ ఇంజినీరు (కట్టడం బలం చూసే ఇంజినీరు) స్లాబు వేసే రోజు కూడా సైటుకు రాలేదు. ఫోను చేస్తే మేస్త్రీకి అన్నీ తెలుసన్నాడు. (అలాగైతే ఆయన సంతకానికి డబ్బెందుకు ఇచ్చినట్టు?) చివరికి వేరే ఇంజినీరును పిలిచి, కడ్డీల మధ్య దూరం కొలిపించాకే కాంక్రీటు పోయించాం. తప్పుడు వివరాలిస్తే నోటీసు లేకుండా కూల్చే అధికారం చట్టంలో రాసుకున్నారు. కాంక్రీటు కింద ఇనుము కనపడకుండా పోకముందే ఒక మనిషిని పంపడం అంతకంటే కష్టమా?